ఏటికొప్పాక గుర్రానికి ఒక పేరు కావాలి

ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ నిర్వాహకులకు తుని నుంచి బహిరంగ లేఖ



తునిలో బస్సెక్కి తాండవ వంతెన దాటితే పాయకరావుపేట. అక్కణ్నుంచి విశాఖ వైపు జాతీయ రహదారి పట్టుకుని పోయి, మధ్యలో హైవే వదిలి లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఆ ఊరి లక్కబొమ్మల సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఆ ఊరినీ, అక్కడి సి.వి. రాజు గారినీ పేరుపెట్టి ప్రస్తావించారు. చెట్ల నుంచి తీసే రంగులను ఆ కళలోకి తిరిగి తెచ్చిన ఆయనకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం మీద కొలువుతీరినవి ఆ బొమ్మలే.

ఊరికి పేరొచ్చింది. రంగులకు పేరొచ్చింది. ఆ బొమ్మల్లో ఉన్న గుర్రానికి మాత్రం పేరు లేదు. కొనేవాళ్లు ‘ఆ గుర్రం బొమ్మ ఎంత?’ అంటారు, అమ్మేవాళ్లు ధర చెబుతారు, అక్కడితో సరి. ఈ లేఖ అడిగేది ఆ పేరు గురించే. పేరొక్కటే కాదు, దాంతో పాటు ఒక బుద్ధి, ఒక ఊరు, ఒక భయం, ఒక కోరిక. వాటిని పెట్టే పని ఈ చుట్టుపక్కల బడిపిల్లలకు అప్పగించాలని కోరడానికే ఇది రాస్తున్నది.

ముందు ఆ గుర్రాన్ని కాస్త దగ్గరగా చూడాలి. అంకుడు కర్ర తెల్లగా, ఉలికి లొంగేంత మెత్తగా ఉంటుంది. ఎండిన ముక్కను లేత్‌కు బిగించి, తిరుగుతుండగా ఉలి ఆనిస్తే పొట్టు రాలి నునుపు తేలుతుంది. తిరుగుతున్న ఆ కర్రకే రంగు కలిపిన లక్కను అదిమిపడితే రాపిడి వేడికి లక్క కరిగి చుట్టూ పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. లేత్ మీద పుట్టేదేదైనా గుండ్రంగానే పుడుతుంది కాబట్టి పొట్ట, మెడ, కాళ్లు విడివిడిగా తయారై తర్వాత ఒకచోట చేరతాయి. అందుకే ఆ గుర్రానికి పందెపు గుర్రపు ఒడుపు రాదు. బొద్దుగా, పొట్టికాళ్లతో, నిదానంగా నిలబడుతుంది. పెద్ద గుర్రాన్ని తగ్గించి చేసిన ఆకారం కాదది, పుట్టుకతోనే పొట్టిగుర్రం. ప్రపంచమంతా పిల్లలు ‘పోనీ’ అని ముద్దు చేసేది సరిగ్గా ఆ ఆకారాన్నే.

ఆ ముద్దు వెనక పెద్ద వ్యాపారం ఉంది, అంతకన్నా పెద్ద పాఠం ఉంది. అమెరికాలో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ 1981లో ‘మై ప్రెటీ పోనీ’ అని ఒక పెద్ద గుర్రం బొమ్మను తెచ్చింది. దాన్ని రూపొందించిన చిత్రకారిణి బానీ జాకర్లీ. ఆ తర్వాత అరచేతిలో పట్టేలా, మెత్తగా, దువ్వుకోవడానికి జూలుతో ‘మై లిటిల్ పోనీ’ వచ్చింది. మొదటి జట్టులో గుర్రాలు ఆరు: కాటన్ కాండీ, బ్లూ బెల్, బటర్‌స్కాచ్, మింటీ, స్నజిల్, బ్లాసమ్. ఆరింటి ఆకారమూ దాదాపు ఒక్కటే. వేరు చేసింది రంగు, పిరుదు మీద చిన్న గుర్తు, పేరు. మిఠాయిల పేర్లు, పూల పేర్లు. ఆ రోజుల్లో అట్ట వెనక ఆ గుర్రం గురించి ఒక బుల్లి కథ కూడా అచ్చువేసేవారు. అంతటితో ప్లాస్టిక్ ముద్ద కాస్తా ఫలానా గుర్రమైపోయింది.

అసలు విశేషం ఆ కంపెనీ చేసింది కాదు, ఒక పిల్ల చేసింది. లారెన్ ఫౌస్ట్ అనే అమ్మాయి ఆ బొమ్మలతో ఆడుకుంటూ పెరిగింది. అట్ట మీద కథ ఏమున్నా, తన గుర్రాలకు తనే బుద్ధులు పెట్టుకుంది. ఇది ఎప్పుడూ పుస్తకాల్లో మునిగి ఉంటుంది, ఇది ఎగరడంలో గొప్పలు పోతుంది, ఇది మనుషులను చూస్తే నక్కుతుంది, ఇలాగ. పెద్దయ్యాక ఆమె యానిమేషన్ రంగంలోకి వెళ్లింది. హాస్‌బ్రో కొత్త కార్టూన్ కోసం అడిగినప్పుడు చిన్ననాటి ఆ గుర్రాలనే బయటికి తీసింది. 2010 అక్టోబర్ 10న మొదలైన ‘ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్’ 2019 వరకు నడిచింది. తొమ్మిది సీజన్లు, 222 భాగాలు. ఒక ఇంట్లో ఒక పిల్ల ఆటలో పుట్టిన స్వభావాలు ప్రపంచమంతటి పిల్లలకు నేస్తాలయ్యాయి.

అయితే పేర్ల దగ్గర చిక్కు వచ్చింది. ఫౌస్ట్ చిన్నప్పటి ఎగిరే గుర్రం పేరు ఫైర్‌ఫ్లై, సిగ్గరి గుర్రం పోజీ, గంతులేసే తెల్లగుర్రం సర్‌ప్రైజ్. 2010 నాటికి ఆ పాత పేర్లలో కొన్నింటి మీద హక్కు కంపెనీ చేతిలో లేదు. అందుకే అవి రెయిన్‌బో డాష్, ఫ్లటర్‌షై, పింకీ పై అయ్యాయి. బుద్ధులు నిలిచాయి, పేర్లు జారిపోయాయి. పేరును కాపాడుకోవడం కూడా పేరు పెట్టడంలో భాగమేనని మీ సంస్థ ముందే గమనించాలి. దీని సంగతి లేఖ చివర మళ్లీ వస్తుంది.

ఇదంతా విదేశీ వ్యవహారం, మనకేమిటి అంటారేమో. తునిలో ఏ స్టేషనరీ కొట్టుకు వెళ్లినా పెన్సిల్ డబ్బా మీద, బడిసంచి మీద, నీళ్ల సీసా మీద గులాబీరంగు కొమ్ముగుర్రం కనిపిస్తుంది. పిల్లలు దాన్ని యూనికార్న్ అంటారు. నోటుపుస్తకం చివరి పేజీలో దాన్నే గీస్తారు, దానికి తమకు తోచిన ఇంగ్లీషు పేరు పెడతారు. సొంతంగా ఒక గుర్రాన్ని పుట్టించి పేరు పెట్టాలన్న ఉబలాటం వాళ్లకు ఉంది. చుట్టూ ఉన్న పేర్లు వాడుకోవచ్చునని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

చెప్పడానికి మన దగ్గర సరుకు తక్కువా? గొల్లల మామిడాడ సూర్యనారాయణ స్వామి గుడికి రథసప్తమికి వెళ్లే పిల్లలకు స్వామి రథానికి ఏడు గుర్రాలని తెలుసు. వాటి పేర్లు తెలిసినవాళ్లు తక్కువ. గాయత్రి, ఉష్ణిక్కు, అనుష్టుప్పు, బృహతి, పంక్తి, త్రిష్టుప్పు, జగతి. ఏడూ ఛందస్సుల పేర్లే. గాయత్రికి 24 అక్షరాలు, ఉష్ణిక్కుకు 28, ఆపైన ఒక్కోదానికి నాలుగేసి పెరుగుతూ జగతికి 48. ఒక్కొక్క గుర్రానికి ఒక్కొక్క నడక అన్నమాట. పొట్టి అడుగుల గాయత్రి పక్కన బారు అడుగుల జగతి పరుగెత్తాలి, రథం ఒక్కటే నడవాలి. ఆ ఏడింటి మధ్య తగాదాలు, సర్దుబాట్లు ఊహించుకుంటే ఏడు కథలు కాదు, డెబ్భై కథలు పుడతాయి. కృష్ణుడి రథానికి కట్టిన నాలుగింటికీ పేర్లున్నాయి: శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, బలాహకం. పేర్లు దండిగా ఉన్నాయి, బుద్ధులు మాత్రం ఎవరూ పెట్టలేదు. ఆ ఖాళీ పిల్లల కోసమే మిగిలినట్టుంది.

పేరుంటే చాలదనడానికి నన్నయ దగ్గరే ఒక ఉదాహరణ దొరుకుతుంది. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో, రాజమహేంద్రవరంలో ఆయన తెలుగు చేసిన ఆదిపర్వంలో ఉచ్చైశ్రవం కథ ఉంది. పాలసముద్రంలో పుట్టిన తెల్లటి దేవతాశ్వం. దాని తోక నల్లగా ఉందని కద్రువ, కాదు తెల్లగానే ఉందని వినత పందెం కాస్తారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు దాస్యం చెయ్యాలి. కద్రువ మాట మీద కర్కోటకుడు ఆ తోకను చుట్టుకుని వేలాడి దాన్ని నల్లగా చూపిస్తాడు. ఒక తల్లి దాసి అవుతుంది, గరుత్మంతుడి కథ అంతా అందులోంచే పుడుతుంది. మరి గుర్రం? తోకకు పాము చుట్టుకుంటే దానికి ఎలా అనిపించిందో ఎవరూ చెప్పరు. తన ఒంటి మీద జరిగిన మోసానికి అదే సాక్షి, ఒక్క మాటా అనదు. అంత గొప్ప పేరు, అంత గొప్ప పుట్టుక ఉండీ దానికి మనసు లేదు, తోక మాత్రమే ఉంది. ఏడో తరగతి పిల్లకు ఆ కథ చెప్పి ‘ఆ గుర్రం ఏమనుకుని ఉంటుంది?’ అని అడిగితే, పాత్రను ఎలా పెంచాలో వేరే పాఠం అక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణా నన్నయలోనే ఉంది, నలుడి కథలో. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణ మహారాజును ఒక్క రోజులో విదర్భకు చేర్చాలి. గుర్రపుసాలలో బలిసిన గుర్రాలను వదిలేసి బక్కచిక్కిన వాటిని ఏరుతాడు. రాజుకు అనుమానం. ఇవా మనల్ని చేర్చేవి? వాటి ఒంటి మీది సుడులు చూసి ఎంచానంటాడు బాహుకుడు. రథం కదిలాక రాజు ఉత్తరీయం జారి పడుతుంది, ఆపమంటాడు. అది పడ్డ చోటు అప్పటికే ఆమడ వెనక ఉంది. పైకి ఒకటి, లోపల ఒకటి. ఆ బక్కగుర్రాలకు పేర్లు లేకపోయినా పాఠకుడికి గుర్తుండిపోతాయి. సుడులు చూసి గుర్రం గుణం చెప్పడం మీద తెలుగులో పద్యగ్రంథమే ఉంది, మనుమంచి భట్టు రాసిన ‘హయలక్షణ విలాసం’. పిరుదు మీద గుర్తుతో గుణం చెప్పడం అమెరికా కార్టూన్‌తో మొదలైన సంగతి కాదు.

సినిమాకు వస్తే, 1949లో మీర్జాపురం రాజా గారు తీసిన ‘కీలుగుర్రం’ ఉంది. అక్కినేని నాగేశ్వరరావు, మన పెద్దాపురం పిల్ల అంజలీదేవి నటించారు; ఘంటసాల సంగీతం. గుర్రం పేరే సినిమా పేరైంది. కానీ అది ఎగిరే యంత్రమే తప్ప పాత్ర కాదు. ఉచ్చైశ్రవం జాబితాలో దాన్నీ వేసుకోవాలి.

మరొకరి కథలోకి తమ సొంత పాత్రను దింపడం ఇవాళ్టి కార్టూన్ అభిమానులు కనిపెట్టిన ఆట అనుకుంటారు చాలామంది. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్లు వింటే ఆ మాట ఒప్పుకోరు. తెర మీద రామాయణం నడుస్తుంటుంది. మధ్యలో కేతిగాడు వస్తాడు, జుట్టుపోలిగాడు వస్తాడు, బంగారక్క వస్తుంది. వీళ్లెవరూ వాల్మీకి పెట్టినవాళ్లు కారు. ఆట కట్టినవాళ్లు తమ ఊరి మాటతో, తమ ఊరి పెంకితనంతో పుట్టించి అందులోకి తోలినవాళ్లు. ఒకరికి జుట్టే గుర్తు, ఒకరికి నోరే గుర్తు. తెర మీదికి రాగానే ఏం చేస్తారో జనానికి ముందే తెలుసు, అయినా ప్రతిసారీ నవ్వుతారు. స్వభావం స్థిరంగా ఉంటే సంఘటన ఎన్నిసార్లు మారినా పాత్ర నిలబడుతుంది. పేరు, గుర్తు, మాటతీరు ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడం నేర్చుకోవాలంటే తోలుబొమ్మలాటను మించిన బడి లేదు.

పేరు ఎక్కణ్నుంచి రావాలన్నది తర్వాతి ప్రశ్న. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ, నరసాపురంలో పుట్టిన బాపు కలిసి ‘బుడుగు’లో ఒక పక్కింటి పిల్లకు సీగానపెసూనాంబ అని పేరు పెట్టారు. శ్రీజ్ఞానప్రసూనాంబ అన్న బరువైన పేరు పసినోట్లో నలిగి అలా అయింది. ఆ ఒక్క పేరులో బుడుగు వయసు తెలుస్తుంది, పళ్లు ఊడిన నోరు తెలుస్తుంది, ఆ ఇంటి పూజగది కూడా తెలుస్తుంది. పేరు పాత్ర గురించి మాత్రమే చెప్పక్కర్లేదు. పిలిచేవాళ్ల గురించి కూడా చెప్పగలదు.

పశువుల పేర్లలో రైతులది ఇంకో పద్ధతి. కర్రావు, పుల్లావు, బొల్లిగిత్త, మైలగిత్త; రంగు చూసి పేరు. మామిడికాయలకు తోటలవాళ్లు పెట్టిన పేర్లు ఇంకా అందం. కొత్తపల్లి కొబ్బరిలో ఊరూ ఉంది, రుచీ ఉంది. చెరుకురసం అంటే నోరు ఊరుతుంది. సువర్ణరేఖ అన్నవాళ్లు చెక్కు మీది రంగును చూసి అన్నారు. వేసవిలో తుని మామిడి మార్కెట్లో బుట్టల మధ్య తిరిగే పిల్లలకు ఈ పేర్లన్నీ నోటికి వచ్చు. వాళ్ల గుర్రానికి స్పార్కిల్ అనో స్టార్ అనో కాక ఇందులోంచి ఒక పేరు రావడం ఎంతసేపు?

మాటవరసకు ఒక గుర్రాన్ని ఇక్కడే పుట్టించి చూద్దాం.

మొదటి ప్రయత్నంలో పిల్లలు గీసేది దాదాపు ఒకేలా ఉంటుంది. రెక్కలు, కొమ్ము, కిరీటం, ఏడు రంగుల తోక, నిప్పు ఊదడం, మాయమైపోవడం. అందరికన్నా అందం, అందరికన్నా వేగం, రాజుగారి ఒక్కగానొక్క కూతురు. పిల్లలను తప్పు పట్టక్కర్లేదు, పెద్ద రచయితలూ అదే చేస్తారు. 1973లో అమెరికాలో పౌలా స్మిత్ అనే ఆమె ఒక అభిమానుల పత్రికలో దీని మీదే చిన్న వ్యంగ్యకథ రాసింది. అందులో నాయిక మేరీ సూ పదిహేనున్నరేళ్లకే అంతరిక్ష నౌకలో లెఫ్టినెంటు. చేతకాని పని లేదు, మెచ్చనివారు లేరు. అప్పట్నుంచి లోపమే లేని పాత్రను ‘మేరీ సూ’ అనడం ప్రపంచమంతా అలవాటైంది. పోనీలు గీసే పిల్లల్లోనూ రెక్కలూ కొమ్మూ రెండూ ఉన్న రాకుమారి గుర్రం అలాంటి తొలి మోజే. అన్నీ ఉన్న గుర్రానికి కావలసింది ఏమీ ఉండదు. కావలసింది లేకపోతే అది గడప దాటదు, కథ కదలదు.

కాబట్టి తీసెయ్యడం మొదలుపెట్టాలి. రెక్కలు తీసేద్దాం. కొమ్ము తీసేద్దాం. కిరీటం అడగకుండానే పోతుంది. మిగిలింది తుని దగ్గరి లోవ కొండల కింద మామిడితోటలో తిరిగే ఒక పొట్టి ఆడగుర్రం. మాయ ఒకటి ఉంచుదాం, లేకపోతే పిల్లలు ఒప్పుకోరు. దీనికి ముక్కు వరం: చెట్టు కింద నిలబడి పైకి గాలి పీలిస్తే ఏ కాయ ఏ రోజుకు పండుతుందో చెప్పగలదు. వరం చిన్నదే, కానీ తునిలో దాని విలువ ఏమిటో కాయలు కొనే ప్రతి వ్యాపారికీ తెలుసు. అంటే ఆ గుర్రం కోసం పోటీపడేవాళ్లు, ఎత్తుకుపోయేవాళ్లు, బుజ్జగించేవాళ్లు అప్పుడే పుట్టుకొచ్చారు. ఇది అబద్ధం చెప్పలేదు, రహస్యం దాచలేదు. ఆ రెండు గుణాలూ మంచివే. మార్కెట్లో మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. మంచి గుణమే చిక్కు తెచ్చిపెట్టినప్పుడు పాత్రకు బలం వస్తుంది.

భయం? రైలు. చెన్నై-హౌరా లైను తుని మీదుగానే పోతుంది. వంతెన మీద బండి కూత వినబడితే ఈ గుర్రం కాళ్లు కట్టేసినట్టు ఆగిపోతుంది. కోరిక? తాండవ అవతలికి వెళ్లాలి. అవతలి ఒడ్డున పాయకరావుపేట వైపు తోటలో ఒక చెట్టుంది, దాని వాసన గాలి తిరిగినప్పుడు మాత్రమే వస్తుంది, ఆ కాయ ఎప్పటికి పండుతుందో దీని ముక్కుకు అందదు. భయమూ కోరికా ఒకే ఏటి మీద ఎదురుపడ్డాయి చూడండి. ఇక రచయిత చెయ్యాల్సిన పని సగం తగ్గిపోయింది.

ఇప్పుడు పేరు. ‘వజ్ర’ అంటే బాగానే ఉంటుంది, కానీ ఏ గుర్రానికైనా అతుకుతుంది. ‘తాండవ’ అందమైన పేరే, పెద్ద మగగుర్రానికి నప్పుతుంది. పిల్లలు దాన్ని పిలవడం విని చూడాలి. తోట ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నదాన్ని కేకేస్తే పేరు సాగాలి. ‘పిందె’. రెండే అక్షరాలు, చివర సాగుతుంది: పిందే! కోప్పడ్డానికి పనికొస్తుంది, ముద్దుకూ పనికొస్తుంది. పిందె పెరిగి కాయ కావచ్చు, గాలికి రాలనూ వచ్చు. ఆ పేరు మోసే గుర్రాన్ని చూస్తే తల్లికి దిగులు, తోటివాళ్లకు ‘ఎప్పుడు పెరుగుతావే’ అన్న ఆటపట్టింపు. ఇంతా చేసి దానికి తన కాయ సంగతే తెలియదు. ఎన్ని చెట్ల కింద నిలబడి చెప్పినా, తను ఎప్పటికి ఎదుగుతుందో తన ముక్కు తనకు చెప్పదు.

మాటతీరు కూడా తునికి తగ్గట్టే ఉండాలి. ఏటికి ఇటు గోదావరి జిల్లాల పలుకు, అటు విశాఖ వైపు పలుకు. తునిలో రెండూ వినబడతాయి. పెద్దవాళ్లతో పిందె ‘ఆయ్, అలాగేనండి’ అంటుంది. కోపం వస్తే మాట అవతలి ఒడ్డుకు పోతుంది. ఒకే గుర్రం నోట రెండు ఒడ్లూ పలికితే, అది ఏరు దాటాలనుకోవడంలో ఆశ్చర్యమేముంది?

పేరు పెట్టడంలో ఒక ప్రమాదం గురించి కూడా పిల్లలతో మాట్లాడాలి. ‘ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్’ మొదటి భాగంలో గుంపులో ఒక బూడిదరంగు గుర్రం కళ్లు చెరోవైపు చూస్తూ కనిపించింది. అభిమానులు దాన్ని పట్టుకుని డర్పీ అని పేరు పెట్టారు, ఉత్తరాలు పంచే ఉద్యోగమిచ్చారు, మఫిన్లంటే ఇష్టమన్నారు. అలా ప్రేక్షకులు పుట్టించిన పాత్రను 2012లో నిర్మాతలే ఆ పేరుతో తెర మీద పలికించారు. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. వైకల్యం ఉన్నవాళ్లను వెక్కిరించినట్టుందన్నారు. తర్వాతి ప్రతుల్లో పేరు తీసేశారు, గొంతు మార్చారు. ప్రేమతో పెట్టిన పేరే ఇంకొకరికి గుచ్చుకుంది. మన ఊళ్లలో కుంటి, గుడ్డి, మెల్ల అని పేరు ముందు తగిలించడం ఎంత మామూలో అందరికీ తెలుసు. ‘పిందె’ అన్నా అది పొట్టితనాన్ని ఎగతాళి చేసేలా కథ నడిస్తే అదీ అంతే అవుతుంది. ఏ పేరు పెట్టినా, ఆ గుర్రం తన పేరు తను చెప్పుకునేటప్పుడు తల దించుకోకుండా ఉండాలి.

ఇక మీ సంస్థను కోరేది. తుని, పాయకరావుపేట, ఎలమంచిలి, ఏటికొప్పాక బడుల్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగులో ఒక పోటీ పెట్టండి. పిల్లలు బొమ్మ ఒక్కటే గీసి పంపితే చాలదు. ఒక పేజీలో ఆ గుర్రం పేరు, దాన్ని ఎవరు ఏమని పిలుస్తారు, దేనికి భయపడుతుంది, ఏం కావాలనుకుంటుంది, దేన్ని సరిగ్గా చెయ్యలేదు అన్నవి రాయాలి. ‘ఏం చెయ్యలేదు’ అన్న ప్రశ్నను దయచేసి వదలొద్దు; మేరీ సూకు మందు అదే. పిల్లలను ఒక పూట ఏటికొప్పాక తీసుకెళ్లి లేత్ దగ్గర కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. రెక్కలు ఎందుకు కష్టమో, గుండ్రటి పొట్ట ఎందుకు సులువో కళ్లారా చూసిన పిల్ల, ఆ చేతులకు సాధ్యమయ్యే గుర్రాన్ని ఊహిస్తుంది. ఎంపిక చేసేవాళ్లలో బొమ్మలు చేసేవాళ్లు తప్పక ఉండాలి.

ఎంపికైన వాటిని బొమ్మలుగా చేయించి, ప్రతి బొమ్మతో ఒక చిన్న తెలుగు చీటీ పెట్టండి. అందులో గుర్రం పేరు, నాలుగు వాక్యాల కథ, పుట్టించిన పిల్లల పేరు, చేసిన పనివారి పేరు ఉండాలి. కొన్నవాళ్లు ఆ బొమ్మను అలమరలో పెట్టి మరిచిపోరు; ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని పేరుతో పిలుస్తారు. పక్కింటి పిల్లలు ఇంకో గుర్రాన్ని అడుగుతారు. బొమ్మ అమ్ముడైతే అంకుడు కర్రకు గిరాకీ, లేత్ మీద కూర్చునేవాళ్లకు పని.

హక్కుల మాట ముందే తేల్చుకోవాలి. మన చట్టం ప్రకారం రాసిన కథకూ గీసిన బొమ్మకూ కాపీరైటు సృష్టించినవారిదే. వారు జీవించినంతకాలం, ఆపైన 60 ఏళ్లు. మైనరైనా ఆ హక్కుకు లోటు లేదు. ఒక్క పేరుకు మాత్రం కాపీరైటు రాదు, దానికి ట్రేడ్‌మార్క్ దారి వేరే ఉంది. ఫైర్‌ఫ్లై పేరు ఏమైందో పైన చూశాం. కాబట్టి కథ, బొమ్మ హక్కు పిల్లల దగ్గరే ఉంచి, వాడుకోవడానికి తల్లిదండ్రులతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, అమ్మకాల్లో వాళ్లకూ పనివారికీ వాటా ఇచ్చి, పేర్లను సంస్థ పేరున నమోదు చేయిస్తే తర్వాత ఎవరూ వాటిని ఎత్తుకుపోలేరు.

జూన్‌లో బడులు తెరుస్తారు. తాజా మామిడి వాసన అప్పటికి ఇంకా తుని వీధుల్లో ఉంటుంది, పిల్లల దగ్గర చెప్పడానికి సెలవుల కథలు ఉంటాయి. జూలైలో పోటీ ప్రకటించి, దసరా సెలవుల లోపు ఎంపిక ముగిస్తే, సంక్రాంతికి మొదటి విడత బొమ్మలు విశాఖ, విజయవాడ లేపాక్షి దుకాణాలకు చేరతాయి. అంత వ్యవధి పనివారికి సరిపోతుందా లేదా అన్నది ఏటికొప్పాక వెళ్లి వాళ్లనే అడగండి; వాళ్లు కుదరదంటే ఉగాదికి పెట్టుకోవచ్చు.

ఇట్లు,
తుని పట్టణం నుంచి, ఈ ప్రాంతపు పిల్లల తరఫున